బావ ఇస్తానన్న కార్డు, షాపువాడు చెప్పిన కార్డు, నాన్న చూడాల్సిన వీడియో

కావలి నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. తల్లి పోయి రెండేళ్లయింది. తండ్రి రిటైర్డ్ హెడ్మాస్టరు, మోకాలి ఆపరేషన్ అయ్యాక పొద్దంతా హాల్లోనే గడుపుతున్నారు. ఆయన కోసమని సంక్రాంతికి 55 అంగుళాల 4కే టీవీ కొన్నారు. డాలస్‌లో ఉండే తమ్ముడు పాప వీడియోలు ఐఫోన్‌లో తీసి పంపుతుంటాడు. ఇంట్లో పెళ్లి క్యాసెట్లు, గృహప్రవేశం క్యాసెట్ ఉంటే నెల్లూరులో ఒక స్టూడియోలో ఇచ్చి డీవీడీల్లోకి ఎక్కించుకొచ్చారు. వీటితో పాటు పాత సినిమాలూ ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టి, ఆఫీసుల్లో వాడి తీసేసిన సన్నటి డెస్క్‌టాప్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. అందులో లిబ్రెఎలెక్ (కోడీ కోసమే చేసిన చిన్న లైనక్స్) వేసి, కోడీ అనే వీడియో ప్లేయర్ నడుపుతున్నారు. కాలేజీ రోజుల నుంచీ లైనక్స్ మనిషి, విండోస్‌కి మాత్రం పోనంటున్నారు.

పాత సినిమాలు బాగానే ఆడుతున్నాయి. పాప వీడియోలు మాత్రం ఆగి ఆగి నడుస్తున్నాయి, రంగులు వెలిసిపోయినట్టున్నాయి. "ఏందిరా ఇది, పాప నోరు తెరవకముందే మాట వస్తా ఉంది" అని నాన్న టీవీ కట్టేయమన్నారట. పెళ్లి వీడియోలో మనుషులు కదిలినప్పుడల్లా అడ్డగీతలు.

గ్రాఫిక్స్ కార్డు వేస్తే సరిపోతుందని అందరూ అన్నారు, కానీ ఏ కార్డు అనేదగ్గర ఇల్లు చీలింది. ఊళ్లో షాపువాడు జీటీ 730 తీసుకోమన్నాడు, "4 జీబీ సార్, 4కేకి 4 జీబీ చాలు" అని. చెన్నైలో ఉండే బావ, అంటే అక్క భర్త, తన దగ్గర మూలన పడున్న జీటీఎక్స్ 1060 ఊరికే ఇస్తానన్నారు. ఇదివరకు ఫ్రిజ్ విషయంలో ఆయన మాట కాదంటే ఆరు నెలలు ముభావంగా ఉన్నారట, అందుకని కాదనడానికి భయం. భార్యేమో "ఇంకో 15 వేలు పోసే బదులు టీవీకి ఒక స్టిక్ పెడితే అయిపోదా? మామయ్యగారి పేరు చెప్పి మీ ముచ్చట తీర్చుకుంటున్నారు" అన్నారు. ఆ మాట దగ్గర మనసు చివుక్కుమందని రాశారు. ఓపెన్ సోర్సు వదలకుండా, 15 వేలు దాటకుండా ఏ కార్డు కొనాలి, అసలు నేను చేస్తున్నది తప్పా అని ఆయన ప్రశ్న.

*

మీ ఉత్తరంలో కార్డు గురించి ఉన్నది సగమే. మిగతా సగం ఇంట్లోవాళ్ల గురించి. కార్డు సంగతి తేలితే బావగారి సంగతి దానంతటదే తేలిపోతుంది కాబట్టి ముందు అక్కడికే వద్దాం.

కొనడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పాప వీడియో ఆడుతుండగా కీబోర్డు మీద ఇంగ్లీషు O అక్షరం నొక్కండి. తెర మీద కొన్ని వరుసలు వస్తాయి. డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే, కుదించి దాచిన వీడియోని విప్పుతున్నది గ్రాఫిక్స్ చిప్పు. ఎస్‌డబ్ల్యూ అని ఉంటే ఆ చాకిరీ అంతా ప్రాసెసర్ నెత్తిన పడిందన్నమాట. మీకు ఎస్‌డబ్ల్యూ అనే వస్తుందని నా అంచనా. ఎందుకంటే ఐఫోన్ 12 నుంచి ఆ ఫోన్లు హెచ్‌డీఆర్ వీడియోని, అంటే వెలుగూ రంగులూ ఎక్కువ మెరుపుతో ఉండే వీడియోని, 10 బిట్ హెచ్ఈవీసీ అనే ఫార్మాట్లో తీస్తాయి. బిట్లు ఎక్కువైతే రంగుల్లో మెట్లు ఎక్కువ. మీ ఆరో తరం ఇంటెల్ చిప్పుకి 8 బిట్ హెచ్ఈవీసీ వచ్చు, 10 బిట్ రాదు. అది ఏడో తరంలో వచ్చింది. ఒక్క తరం తేడాలో దెబ్బతిన్నారు. 4కే బొమ్మ ఒక్కోటి 83 లక్షల చుక్కలు. తమ్ముడు సెకనుకి 60 ఫ్రేములు పెట్టి తీస్తే సెకనుకి దాదాపు 50 కోట్ల చుక్కల లెక్క. ఆ నాలుగు కోర్లు అందుకోలేక వెనకబడుతుంటే మాట ముందొచ్చి బొమ్మ తర్వాతొస్తోంది. నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం.

రంగులు వెలిసిపోవడం వేరే జబ్బు. హెచ్‌డీఆర్ సంకేతం టీవీకి చేరాలంటే హెచ్‌డీఎంఐ 2.0ఏ గానీ ఆ పైది గానీ కావాలి. మీ డబ్బా వెనక ఉన్నది 1.4. దాంట్లో 4కే వెళ్తుంది, అదీ సెకనుకి 30 ఫ్రేములే. 24 ఫ్రేముల సినిమాకి అది సరిపోతుంది కాబట్టి మీకు ఇన్నాళ్లూ తేడా తెలియలేదు.

పెళ్లి వీడియో గీతలకి మాత్రం ఏ కార్డూ అక్కర్లేదు. మన క్యాసెట్లన్నీ పాల్ పద్ధతివి. సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమునీ రెండు సగాలుగా చీల్చి, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు రాస్తారు. ఆ రెండు సగాలూ ఒకేసారి చూపిస్తే కదిలే చెయ్యి అంచు దువ్వెన పళ్లలా విడిపోతుంది. వీడియో ఆడుతుండగా కోడీ సెట్టింగ్స్‌లో డీఇంటర్‌లేస్ పద్ధతి అన్నది వెతికి, అందులో మోషన్ అడాప్టివ్ ఉంటే అది పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే స్టూడియోవాళ్లు గానీ మీరు గానీ డీవీడీ నుంచి ఎమ్‌పీ4గా మార్చేటప్పుడే గీతలు బొమ్మలో కలిసిపోయి ఉంటాయి, ఇక అవి సులభంగా పోవు. డీవీడీలు మీ దగ్గరే ఉన్నాయి కదా, అందులోని వీవోబీ ఫైళ్లని ఏ మార్పూ చేయకుండా యథాతథంగా డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ ఫైళ్లని రెండో చోట కూడా దాచండి. అమ్మగారు ఉన్న వీడియో ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉండటం నాకు కార్డు కంటే పెద్ద సమస్యగా కనపడుతోంది.

ఇప్పుడు కార్డులు. ఆటలకి పనికొచ్చే భాగం వేరు, వీడియో విప్పే భాగం వేరు. రెండోది చిప్పులో ఓ మూలన ఉండే చిన్న సర్క్యూట్. ఫ్యాక్టరీలో దానికి ఏ ఫార్మాట్లు నేర్పారో అవే వస్తాయి, కొన్న తర్వాత మనం నేర్పలేం. 4 జీబీ, 8 జీబీ అనే లెక్క ఆటలవాళ్లది. షాపాయన మాట ప్రకారం కొంటే ఏమవుతుందో చూడండి. జీటీ 730 2014లో వచ్చిన కార్డు. దానికి హెచ్ఈవీసీ 10 బిట్ కాదు, 8 బిట్ కూడా రాదు. హెచ్‌డీఎంఐ కూడా 1.4యే. అంటే ఇప్పుడు మీ డబ్బాలో ఊరికే ఉన్న ఇంటెల్ చిప్పు కంటే తక్కువ తెలిసిన కార్డుకి మీరు డబ్బు కడతారు. జీటీ 710 అన్నా అంతే. ఆయన మోసం చేశారని కాదు, గిరాకీ ఉన్న సరుకు చూపించారు.

బావగారి జీటీఎక్స్ 1060 మంచి కార్డే. 10 బిట్ హెచ్ఈవీసీ వచ్చు. కానీ అది నిండు ఎత్తు కార్డు, మీది సగం ఎత్తు కార్డులు మాత్రమే పట్టే సన్నటి కేబినెట్. 120 వాట్లు తింటుంది, స్లాట్ నుంచి గరిష్ఠంగా వచ్చేది 75. మిగతాది ఆరు పిన్నుల వైరు నుంచి రావాలి, మీ డబ్బాలో కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్‌కి మామూలుగా ఆ వైరే ఉండదు. కేబినెట్ మూత తీసి, స్లాట్ పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో, ఎస్‌ఎమ్‌పీఎస్ మీది లేబుల్ ఒక ఫోటో తీసి ఆయనకి పంపండి. "బావా, పట్టడం లేదు, ఏం చేద్దామంటారు?" అని అడగండి. మీరు కాదన్నట్టూ ఉండదు, ఆయన సలహా అడిగినట్టూ ఉంటుంది. ఫ్రిజ్ విషయంలో ఏం జరిగిందో నాకు తెలియదు గానీ, అక్కడ ఇష్టాయిష్టాల పేచీ అయ్యుంటుంది, ఇక్కడున్నది అంగుళాల లెక్క. ఎవరూ నొచ్చుకోరు.

ఒకవేళ ఆయన "కేబినెట్ కూడా నేనే కొనిస్తా" అంటే? అనొచ్చు, అలాంటి బావలు ఉంటారు. అప్పుడు చెప్పాల్సిన రెండో మాట డ్రైవరు, అంటే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్. 1060 చేసిన ఎన్విడియా 2022లో తన లైనక్స్ డ్రైవరుని కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటిది) భాగం వరకు ఓపెన్ చేసింది, అదీ 1060 తర్వాత వచ్చిన తరాలకే. 1060 ఉన్న పాస్కల్ తరానికి 580 సిరీసే చివరి డ్రైవరని ఆ కంపెనీయే ప్రకటించింది. లిబ్రెఎలెక్ ఇప్పుడు ఇచ్చే ప్రధాన ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఇంటెల్, ఏఎండీల కోసం చేసింది. ఎన్విడియావాళ్లకి తెర మీద బొమ్మ వేసే పాత ఎక్స్11 పద్ధతిలో ఇంకో ఇమేజ్ విడిగా ఇస్తారు. లిబ్రెఎలెక్‌లో హెచ్‌డీఆర్ టీవీ దాకా వెళ్లేది ఆ కొత్త ఇమేజ్‌లోని జీబీఎమ్ దారిలోనే, ఎక్స్11లో వెళ్లదు. కాబట్టి 1060 పెట్టినా పాప వీడియోలో రంగుల సమస్య ఉండనే ఉంటుంది. జీటీ 1030 కొందామనుకున్నా ఇదే కథ. అది సన్నటి డబ్బాలో పడుతుంది, 30 వాట్లే, కానీ అదీ పాస్కలే.

ఓపెన్ సోర్సు అనే మీ పట్టుదల ఇక్కడ సరదా కాదు, పనికొచ్చే షరతే. డ్రైవరు కెర్నల్లోనూ, మెసా అనే ఓపెన్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్లోనూ ఉంటే కంపెనీ చేతులు దులుపుకున్నా ఇంకొకరు చూసుకుంటారు. అలాగని నూటికి నూరు పాళ్లూ ఓపెన్ దొరకదని మీకూ తెలుసు. ఏఎండీ, ఇంటెల్ కార్డులకి కూడా సోర్సు ఇవ్వని ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు ఎక్కించాల్సిందే.

ఇక మీ డబ్బాలో పట్టేవి, ఓపెన్ డ్రైవరుతో నడిచేవి రెండు నా లెక్కలో నిలుస్తాయి. ఒకటి ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400, సగం ఎత్తు రకం. 53 వాట్లు, విడి వైరు అక్కర్లేదు. హెచ్ఈవీసీ 10 బిట్, యూట్యూబ్ వాడే వీపీ9 రెండూ విప్పుతుంది. వీపీ9 తర్వాత వచ్చిన ఏవీ1 విప్పదు. ఆ ఒక్క ఫార్మాట్ ఈ కార్డులో పెట్టకుండా మిగుల్చుకోవడం ఏఎండీ పిసినారితనం, నాకు నచ్చలేదు. మీ ఫైళ్లలో ఏవీ1 లేదు కాబట్టి ఇవాళ నష్టం లేదు. యూట్యూబ్ కూడా దీని మీదే చూడాలనుకుంటే రేపు ఉండొచ్చు. రెండోది ఇంటెల్ ఆర్క్ ఏ310. దీనికి ఏవీ1 కూడా వచ్చు, వీడియో వరకు చూస్తే దీనిదే పైచేయి. కానీ ఇంటెల్ ఈ కార్డులకి పదో తరం, ఆ పై బోర్డులనే సిఫార్సు చేస్తుంది, ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునేలా వాటిలో ఉండే రీసైజబుల్ బార్ అనే సదుపాయం మీ ఆరో తరం బోర్డులో ఉండదు. వీడియోకి అది పెద్ద అడ్డంకి కాదు. పీసీ మొదలయ్యేటప్పుడు వచ్చే బయాస్ సెట్టింగ్స్‌లో, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అయ్యేలా పెట్టుకోవాలి, అప్పటికీ పాత ఆఫీసు డబ్బాల్లో పేచీ పెట్టే అవకాశం ఉంది. వెనక్కి తీసుకుంటానని షాపు రాసిస్తేనే కొనండి. ఏదైనా సరే, స్లాట్ ఎన్ని వాట్లు ఇస్తుందో మీ డబ్బా మాన్యువల్లో చూడండి. బ్రాండెడ్ సన్న కేబినెట్లలో కొన్నిటికి 75 కంటే తక్కువే రాసి ఉంటుంది.

హెచ్‌డీఎంఐ 2.1 గురించి ఎక్కడైనా చదివి కంగారు పడకండి. ఓపెన్ డ్రైవరులో 2.1 పెడతామని ఏఎండీ అడిగితే హెచ్‌డీఎంఐ ఫోరం 2024లో ఒప్పుకోలేదు. ఆ బాధ 4కేలో 120 ఫ్రేముల ఆటలు ఆడేవాళ్లది. మీకు 2.0 వేగం చాలు.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి. ఈ కార్డుల్లో ఏది పెట్టినా మీ నాన్నగారు టీవీ రిమోట్‌తో కోడీని నడపలేరు. టీవీ రిమోట్ నొక్కులు హెచ్‌డీఎంఐ వైరు గుండా డబ్బాకి చేరాలంటే సీఈసీ అనే సదుపాయం ఉండాలి, పీసీ గ్రాఫిక్స్ కార్డుల్లో మామూలుగా అది ఉండదు. యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే రిమోట్ ఒకటి విడిగా కొనాలి. ఇప్పుడు ఆయన ఎలా పెట్టుకుంటున్నారో మీరు రాయలేదు. వైర్‌లెస్ కీబోర్డు ఒళ్లో పెట్టుకునైతే కాదు కదా? మీరు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆయన ఎదురుచూస్తుంటే మీ ఆవిడ అన్న మాటలో సగం నిజం ఉంది.

అందుకే కార్డు లేని దారులు కూడా చూడండి. ఇంటెల్ ఎన్100 చిప్పున్న మినీ పీసీలు ఉన్నాయి. ర్యామ్ ధరలు ఊగుతుంటాయి కాబట్టి మీ 15 వేలలో వస్తుందో లేదో కొనే రోజు చూసుకోండి. ఆ చిప్పు 6 వాట్లది, 10 బిట్ హెచ్ఈవీసీ, వీపీ9, ఏవీ1 మూడూ విప్పుతుంది, ఓపెన్ డ్రైవరు. రిమోట్ బాధ మాత్రం దీనికీ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, 4 గానీ 5 గానీ, అయితే సీఈసీ ఉంటుంది, టీవీ రిమోటే సరిపోతుంది. 4కే 10 బిట్ హెచ్ఈవీసీ దానికి వచ్చు, లిబ్రెఎలెక్‌లో హెచ్‌డీఆర్ కూడా ఇస్తుంది. ఏవీ1 విప్పే సర్క్యూట్ లేదు. పాప వీడియోలు, పెళ్లి వీడియోలు, పాత సినిమాలు ఇవే అయితే నా మొగ్గు దీనివైపు. అప్పుడు మీ సన్న డబ్బా దండగైపోదు. దాన్ని మీ గదిలో పెట్టి హార్డ్‌డిస్క్ దానికే తగిలించి, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచండి. మీ లైనక్స్ ముచ్చట అక్కడ తీర్చుకోవచ్చు, రాత్రి పదకొండింటికి ఏది విప్పినా హాల్లో టీవీ ఆగదు.

మీ ఆవిడ చెప్పిన స్టిక్‌ని తీసిపారేయకండి. ఓటీటీ యాప్‌లకి స్టిక్కే సరైనది. లైనక్స్ పీసీలకి వైడ్‌వైన్ అనే కాపీ రక్షణలో కింది మెట్టు మాత్రమే ఇస్తారు, అందుకని ఎంత కార్డు పెట్టినా నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ అందులో 4కేలో రావు. కాకపోతే మీ టీవీలోనే ఆ యాప్‌లు ఉండుంటాయి. ఆవిడతో మాట్లాడేటప్పుడు రెండు పనుల్నీ విడదీసి చెప్పండి. సీరియళ్లు, కొత్త సినిమాలు టీవీ యాప్‌లలో, ఇంటి వీడియోలు మన పెట్టెలో. "ఇందులో నా సరదా కూడా ఉంది, నాన్న కోసం ఇంత, నా కోసం ఇంత" అని ఒప్పేసుకోండి. ఆవిడ అడ్డుపడుతున్నది 15 వేలకి కాదేమో, ఆ పద్దు పేరుకి. మీరు చేస్తున్నది తప్పేమీ కాదు, అందులో తండ్రి పేరు మాత్రం కొంచెం ఎక్కువ వాడారు.

పైసా ఖర్చు లేని దారి కూడా ఉంది. తమ్ముణ్ని కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆపి, 4కే 30 పెట్టుకోమనండి. అప్పుడు వచ్చేది 8 బిట్. అది మీ ఇప్పటి చిప్పుకే వచ్చు. ఇప్పటిదాకా వచ్చినవాటిని ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌తో (వీడియో ఫార్మాట్ మార్చే ఉచిత ప్రోగ్రాము) మామూలు రంగుల్లోకి, 8 బిట్‌కి మార్చి ఆడించుకోవచ్చు, రంగుల్లో ఆ మెరుపు తగ్గుతుంది. అసలు ఫైళ్లు మాత్రం చెరిపేయొద్దు. కొనాలా వద్దా అని ఇంట్లో తేలేదాకా ఇది నడిపించండి, నాన్నగారికి ఈ వారమే పాప కనపడుతుంది.

కార్డే కొందామనుకుంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. షోకేసు అద్దం తలుపులు మూసి లోపల పెట్టకండి. మన రోహిణి కార్తె ఎండల్లో ఆ అరలో గాలి ఆడదు, ఫ్యాన్ గుయ్‌మంటూ తిరుగుతూనే ఉంటుంది, నెమ్మదైన సీన్లో అది వినపడుతుంది. కరెంటు పోతుంటుందని కూడా మీ ఉత్తరంలో రాశారు. లిబ్రెఎలెక్ సిస్టమ్ భాగం చదవడానికి మాత్రమే ఉండే ఇమేజ్ కాబట్టి అది తట్టుకుంటుంది, హార్డ్‌డిస్క్‌కి మాత్రం ఇన్వర్టర్ లైను ఇవ్వండి.

కావలిలో ఈ కార్డులు దొరక్కపోవచ్చు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్తే రిచీ స్ట్రీట్‌లో అడగొచ్చు, బావగారిని తోడు తీసుకెళ్తే ఇంకా మంచిది, ఆయనకి పని అప్పజెప్పినట్టూ ఉంటుంది. పెట్టెలో సగం ఎత్తు బ్రాకెట్ విడిగా ఉందో లేదో అక్కడే విప్పించి చూడండి. బిల్లు మీద కార్డు మోడల్ పేరు పూర్తిగా రాయించుకోండి, "గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ" అని రాసిస్తే ఒప్పుకోవద్దు. ఇంటికొచ్చి తగిలించాక టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి ఎన్‌హాన్స్‌డ్ అనో డీప్ కలర్ అనో ఉండే మీట ఆన్ చేయండి. చాలా టీవీల్లో అది ఆపే ఉంటుంది. దాన్ని మరిచిపోతే ఏ కార్డు వేసినా రంగులు ఇప్పటిలాగే ఉంటాయి, మీరు మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.